బడికి, బండికి నడుమ

మా తమ్ముడి మొదటి ఆరు పాటలూ నేనే రాశాను. ఈ మాట ఇప్పుడు ఎవరితో అన్నా, "అవునా!" అని మర్యాదకు ఆశ్చర్యపోయి వెంటనే ఆ రెండో మనిషి గురించి అడుగుతారు. "ఆయన లారీల మీద పేర్లు రాసేవాడంట కదా టీచర్, నిజమేనా?" నిజమే. ఇప్పటికీ రాస్తాడు. ఆ ప్రశ్న విన్న ప్రతిసారీ నా నోట్లో చేదు ఊరుతుంది. పదమూడేళ్ళుగా జహీరాబాద్‌లో పిల్లలకు తెలుగు చెప్తున్న మనిషిని నేను. ఇంత కుళ్ళు నాలో ఉందని ఈ వయసులోగాని నాకు తెలియలేదు.

తమ్ముడు ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. పొద్దుటి షిఫ్టు ఉన్న రోజుల్లో మూడింటికల్లా ఇల్లు చేరతాడు. పెళ్ళయినా నేను అదే గల్లీలో ఉన్నాను కాబట్టి, బడి వదలగానే అమ్మ దగ్గర కూర్చుని టీ తాగడం అలవాటు. మేం టీ తాగుతుంటే వాడు పాత లాప్‌టాప్ ముందేసుకుని దరువులు కట్టేవాడు. చెరుకురసం బండి గజ్జెలు, బస్టాండులో కండక్టర్ విజిల్, ఫ్యాక్టరీలో బోల్టులు బిగించే మిషన్ గరగర, ఏది చెవిన పడితే అది ఫోన్లో రికార్డు చేసుకొచ్చి, కోసి, అతికించి, తిప్పి తిప్పి వినేవాడు.

"ర్యాప్ అంటే రాగం కాదక్కా. మాటనే దరువు. నువ్వు మాటలియ్యి, నేను దరువిస్త" అన్నాడు ఒకరోజు.

ఇచ్చాను. పద్యాలకు అలవాటుపడ్డ చెయ్యి కదా, ప్రాసలు గొలుసులా పడేవి. రైతు చెమట, నేల తల్లి, ఉదయించే సూర్యుడు, సంకెళ్ళు, సమరం. వాడు కాగితం చూసి "సూపర్ అక్కా" అనేవాడు. ఒక్క అక్షరం మార్చకుండా పాడేవాడు. మా బడి వార్షికోత్సవంలో వాడు స్టేజీ ఎక్కి పాడుతుంటే, ముందు వరసలో కూర్చున్న నా పెదవులు వాడితోపాటు కదిలాయి. పక్కనున్న లెక్కల టీచరు నా చెయ్యి గిల్లి, "ఇద్దరూ కలిసి భలే చేసిన్రు" అంది. ఆ "ఇద్దరూ" అనే మాటను ఎన్నాళ్ళు దాచుకున్నానో చెప్తే సిగ్గుగా ఉంటుంది.

మూడేళ్ళ కింద తమ్ముడు బైకు ట్యాంకు మీద పేరు రాయించుకోవడానికి చిరాగ్‌పల్లి వెళ్ళాడు. అక్కడ హైవే పక్కన ఒక పెయింటర్ ఉండేవాడు. తమ్ముడి ఈడువాడే. లారీల నెత్తిన పేర్లు, తలుపుల మీద పూలు, వెనకాల నాలుగు మాటల్లో ఒక బతుకు సత్యం, ఇదీ అతని పని. ముంబై వైపు పోయే బండికి హిందీలో, బీదర్ బండికి కన్నడలో, మన బండికి తెలుగులో రాస్తాడు. ఇంట్లో మాట్లాడేది ఉర్దూ. బ్రష్షు ఆడిస్తూ అతను ఏదో గొణుగుతుంటే, పక్కనున్న ఖాళీ పెయింటు డబ్బా మీద తమ్ముడు దరువు వేశాడట. గంటలో అయ్యే పనికి నాలుగు గంటలు పట్టింది. ఇంటికొచ్చిన తమ్ముడి ముఖం చూసి అమ్మ, "ఏమైందిరా, జీతం పెరిగిందా?" అని అడిగింది.

ఆ ఆదివారం మధ్యాహ్నం అతను మా ఇంటికి వచ్చాడు. చెప్పులు గడప బయట జతగా సర్ది పెట్టాడు. గోళ్ళ సందుల్లో నీలం రంగు. అమ్మను "అమ్మీ" అన్నాడు, నన్ను అక్కా అన్నట్టు "ఆపా" అన్నాడు. తమ్ముడు వారం రోజులు కష్టపడి కట్టిన దరువు వినిపించాడు. అతను కళ్ళు మూసుకుని మూడుసార్లు విన్నాడు.

"నక్కో" అన్నాడు.

వద్దు అని. అటు మరాఠీవాళ్ళూ ఇటు ఉర్దూవాళ్ళూ వాడే మాట, మా దగ్గర సంతలో కూరగాయలమ్మే ముసలమ్మ నోట కూడా వినిపిస్తుంది. కానీ మా తమ్ముడి పాట గురించి ఎవరూ ఎప్పుడూ ఆ మాట అనలేదు.

"ఏం నక్కో?" అన్నాడు తమ్ముడు.

"నడుమల ఊపిరి తీస్కోనీకె జాగా లేదు యార్. ఊపిరి లేకుంటే మనిషి ఎట్ల మాట్లాడ్తడు?"

తమ్ముడు అలుగుతాడనుకున్నాను. నిజం చెప్పాలంటే అలగాలని కోరుకున్నాను. వాడు పగలబడి నవ్వి దరువులోంచి రెండు దెబ్బలు తీసేశాడు. ఆ ఖాళీలో అతను ఉర్దూలో ఒక వాక్యం పడేశాడు. ఈసారి తమ్ముడు చెయ్యి అడ్డం ఊపాడు. "నక్కో భాయ్. గిది నువ్వు అన్నట్టు లేదు, ఇంకెవరో అన్నట్టున్నది." అతను తల గోక్కుని ఇంకోటి అన్నాడు. "నక్కో." ఇంకోటి. "హా! గిదీ!" ఇద్దరూ ఒకరి తొడ మీద ఒకరు చరుచుకున్నారు. అమ్మ జొన్నరొట్టెలు చేసి పిలిచేసరికి సాయంత్రమైంది. నేను ఆ గదిలోనే ఉన్నాను. వాళ్ళు నన్ను వెళ్ళమనలేదు. ఉండమనీ అనలేదు.

తర్వాతి నెలల్లో వాళ్ళ నుంచి వచ్చినది ఎంత మంచిదో తెలుగు టీచరుగా నాకు తెలుసు, తెలియడమే నా ఖర్మ. ఒకడు ఉర్దూలో పాడితే రెండోవాడు దాన్ని తెలుగులో అప్పజెప్పడం కాదు అది. ఒకే వాక్యం ఈ భాషలో మొదలై ఆ భాషలో ముగిసేది. అతను "రస్తా" అని వదిలితే వీడు "వస్త" అని అందుకునేవాడు. అతని "కల్" వచ్చి మా "కల" మీద వాలేది. రేపు అనే మాటా, నిద్రలో కనేదీ ఒక్కచోట మోగేవి. రెండు భాషల మధ్య ప్రాస కుదురుతుందని నేను చదివిన ఏ పాఠంలోనూ లేదు. మా ఊరి గల్లీల్లో రోజూ వినపడే సంగతే, నా చెవికే ఎక్కలేదు.

ఫోన్లలో ఆ పాటలు పాకాయి. పెళ్ళి బరాత్‌లో మర్ఫా డప్పులు కొట్టేవాళ్ళు కూడా దరువు మధ్య ఆ ఊపిరి జాగా వదలడం మొదలుపెట్టారు. మా బడిలో అంతకుముందు ర్యాప్ పాడే పిల్లలు ఒక్కొక్కరే చేతులూపుతూ నిలబడి, తామే గొప్పని చెప్పుకునేవాళ్ళు. ఇప్పుడు జంటలు కట్టారు. ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్ల తెలుగు పిల్లను వెతుక్కుంటుంది. న్యాల్‌కల్ వైపు నుంచి బస్సులో వచ్చే ఇద్దరమ్మాయిలైతే కన్నడ కూడా కలిపి, ఒకరి మాట ఒకరు మధ్యలో లాక్కుని పాడతారు. సంగారెడ్డిలో, బీదర్‌లో వేరే కుర్రాళ్ళు ఇదే పద్ధతిలో పాటలు చేస్తున్నారని తమ్ముడు గర్వంగా వినిపించేవాడు. విన్నప్పుడల్లా నేను ఒక్కటే వెతికేదాన్ని. ఇందులో నేను ఉండగలిగిన చోటు ఏదైనా ఉందా?

కుళ్ళు చిన్న చిన్న వాటిలో ఎక్కువ బాధపెడుతుంది. అమ్మ అతని కోసం ఒక గ్లాసు విడిగా పెట్టింది, పెద్దది, అతనికి టీ ఎక్కువ కావాలని. నాకు ఆ ఇంట్లో నా గ్లాసంటూ లేదు. అతని వాయిస్ మెసేజ్ వింటూ తమ్ముడు ఒక్కడే నవ్వుకునేవాడు. "ఏందిరా?" అంటే, "ఏం లేదక్కా, నీకు చెప్తే అర్థం గాదు" అనేవాడు. వాణ్ణి చంకనేసుకుని తిప్పినదాన్ని నేను. వాడికి అ ఆలు దిద్దించినదాన్ని నేను.

ఒక శనివారం సాయంత్రం తమ్ముడు డ్యూటీలో ఉండగా అతను వచ్చాడు. నా కోసమే.

"ఆపా, జర చూస్తరా?" అంటూ జేబులోంచి మడత కాగితం తీశాడు. క్యాలెండర్ చింపిన కాగితం వెనకవైపు. "తెలుగుల రాసిన. ఫస్ట్ టైం. తమ్మునికి చూపిచ్చేకంటె ముందు మీకు చూపిస్తున్న. టీచర్ గదా మీరు."

అతను ఏడో తరగతి వరకు ఉర్దూ మీడియంలో చదివి ఆపేశాడని తెలుసు. తెలుగు అక్షరాలు లారీల మీద రాస్తూ నేర్చుకున్నవే. కాగితం మీద కూడా అలాగే ఉన్నాయి, లావుగా, పక్కన నీడ గీతలతో.

బడికి బండికి నడుమ ఒక్క సున్న
బడిల నాకొచ్చిన మార్కు గదే అన్న
గా సున్న చేతవట్టి రోడ్డు మీదికొస్తి
బండి ఎనుక నా బతుకు రాస్తి

పదమూడేళ్ళుగా నల్లబల్ల మీద సున్నా పెడుతున్నాను. బడి రాయించాను, బండి రాయించాను, పక్కపక్కనే రాయించాను. ఆ రెంటి మధ్య ఒక మనిషి జీవితం ఉందని నాకు ఏనాడూ కనిపించలేదు. నా ఆరు పాటలూ, ఆ సూర్యుళ్ళూ సంకెళ్ళూ, ఆ నాలుగు లైన్ల ముందు ఎండుటాకుల్లా లేచిపోయాయి.

బ్యాగులోంచి ఎర్ర పెన్ను తీశాను. కాగితం మీద "రోడ్డు"కు వత్తు లేదు, "మార్కు"కు దీర్ఘం లేదు, ఇంకో రెండుచోట్ల న బదులు ణ పడింది. అన్నిటి చుట్టూ గీతలు చుట్టాను.

"ఎట్లుంది ఆపా?"

"చెప్పమంటవా?"

"చెప్పున్రి."

"తెలుగు నీ నోటికి రాలేదు తమ్మీ. కష్టపడి రాసినట్టు కనపడుతున్నది. నీ బలం ఉర్దూ. నువ్వు దాంట్లనే ఉండు." అంతటితో ఆగినా బాగుండేది. "మా తమ్మునికి చూపియ్యకు. వాడు మొహమాటానికి బాగుందంటడు" అని కూడా అన్నాను.

అతను కాగితాన్ని ఒక క్షణం చూశాడు. "సహీ ఆపా" అన్నాడు. నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. టీ తాగి, గ్లాసు తనే కడిగి బోర్లించి వెళ్ళాడు. ఆ పూట నేను కడుపునిండా తిన్నాను. ఆ సంగతి దాచను.

తర్వాత వాళ్ళ పాటలు మెల్లగా బిగుసుకుపోయాయి. అతను అప్పుడప్పుడు తెలుగులో విసిరే మాటలు కూడా ఆగిపోయాయి. తమ్ముడు తెలుగు లైను చెప్పి "ఎట్లుంది భాయ్?" అంటే, "తెలుగు నాకేం తెలుస్తది, నువ్వే చూస్కో" అనేవాడు. నక్కో అనడం మానేశాడు. ఒకడు వద్దనడం మానేసేసరికి రెండోవాడికీ ధైర్యం చాలలేదు. ఇద్దరూ ఎవరి భాషలో వాళ్ళు, ఎవరి వంతు వాళ్ళు పాడుకుని లేచేవాళ్ళు. తమ్ముడు గోడకు ఆనుకుని, "ఏమైందో తెలుస్తలేదక్కా. భాయ్ ఈడనే ఉంటడు గని ఉన్నట్టుండడు" అన్నాడు. నేను చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ తల ఎత్తలేదు.

రెండు వారాల తర్వాత వాడే అన్నాడు. "కాలేజీల ప్రోగ్రామున్నది. తెలుగు నువ్వు రాయరాదక్కా, ఎన్కటి లెక్క?"

నేను కోరుకున్నది అదే కదా. మూడు రోజులు కూర్చుని రాశాను. ఈసారి నేల తల్లి, సూర్యుడు పెట్టలేదు. హైవే, బస్టాండు, అల్లం చేను పెట్టాను. వాళ్ళలా ఉండాలని చూశాను. తమ్ముడు చదివి "బాగుందక్కా" అన్నాడు. తమ్ముడు పాడితే పెయింటర్ విని, "బాగుంది ఆపా" అన్నాడు.

డిగ్రీ కాలేజీ మైదానంలో సాయంత్రం ఎండలో వాళ్ళు పాడారు. అతని ఉర్దూ మొదలైనప్పుడు పిల్లలు కేకలేశారు. నా తెలుగు వచ్చేసరికి ముందు వరస అమ్మాయిలు ఒకరి జడ ఒకరు సర్దుకోవడం మొదలుపెట్టారు. ఎవరూ వెక్కిరించలేదు, ఎవరూ లేచి వెళ్ళలేదు. వానలో తడిసిన టపాసులా పాట చడీ చప్పుడూ లేకుండా అయిపోయింది. దిగి వచ్చాక తమ్ముడు నా దగ్గరికొచ్చి మళ్ళీ అన్నాడు. "బాగొచ్చిందక్కా."

అప్పుడు నాకు తెలిసింది. మొదటి పాట నుంచీ వాడు నాతో అన్నది ఆ ఒక్క మాటే. అక్కను కదా. అ ఆలు దిద్దించినదాన్ని కదా. నన్ను కాదనలేక బాగుందన్నాడు, ఆరు పాటలకూ. ఆ పెయింటర్‌తో వాడికి ఉన్నది నాతో ఒక్క రోజు కూడా లేదు. నేను ఏడ్చింది లేనిదాని కోసం.

మర్నాడు వాడు అమ్మ దగ్గర రొట్టె తింటుంటే చెప్పేశాను. కాగితం తెచ్చి చూపించాడని, నేనేమన్నానో అదంతా. వాడు చెయ్యి ఆపి, "ఏం రాసిండు? యాదికున్నదా?" అన్నాడు.

అక్షరం పొల్లుపోకుండా నాలుగు లైన్లూ చెప్పాను. ముందు వాడి ముఖం వెలిగింది. "సున్న! అబ్బ!" అని తొడ మీద చరుచుకున్నాడు. ఆ తర్వాతే నా వైపు చూశాడు. ఆ వెలుగు అలా ఆరిపోవడం నేను కళ్ళారా చూశాను.

"గింత మంచిగున్నదని తెల్సే అన్నవా అక్కా?"

"తెల్సే."

"ఎందుకు?"

"కుళ్ళురా. మీ ఇద్దర్ని చూస్తే నాకు కుళ్ళు."

వాడు చెయ్యి కడుక్కుని బయటికి పోయాడు. నేను అమ్మ వైపు తిరిగాను, ఏదైనా అంటుందని. అమ్మ పొయ్యి ముందు నుంచి కదలకుండా, "నా మొకం చూస్తే ఏమొస్తది? పోయి ఆ పిలగానికి చెప్పు" అంది.

ఆదివారం షేర్ ఆటో ఎక్కి చిరాగ్‌పల్లి వెళ్ళాను. అతను ఎత్తు స్టూలు మీద నిలబడి ఒక లారీ నెత్తిన కన్నడ అక్షరాలు రాస్తున్నాడు. నన్ను చూసి దిగబోయాడు. వద్దన్నాను. కింద నిలబడి, తల పైకెత్తి, దారి పొడుగునా కూడబలుక్కున్న మాటలన్నీ మర్చిపోయి, "ఆరోజు నేను అబద్ధం చెప్పిన తమ్మీ" అన్నాను.

"నాకు ఎరుకే ఆపా."

"ఎట్ల?"

"అక్షరాలకే చుట్లు చుట్టిన్రు. లైను ఒక్కటి గూడ కొట్టెయ్యలే. బాగలేనిదాన్ని కొట్టేస్తరు గద టీచర్లు."

"తెల్సి ఎందుకు ఆపినవ్ మరి?"

అతను బ్రష్షును డబ్బా అంచుకు రాశాడు. "బాగున్నదాన్ని బాగలేదన్నరంటే, నేను ఆడుండుడు మీకు ఇష్టం లేదన్నట్టు. అమ్మీ చేతి బువ్వ తింటున్న. ఆమె బిడ్డకు ఇష్టం లేని పని ఎట్ల చెయ్యాలె?"

లారీలు పోతుంటే దుమ్ము మీద పడుతోంది. "మల్ల రాయి. నా తప్పు" అన్నాను.

"కాగితం పారేసిన ఆపా. నోటికి మల్ల వస్తదో రాదో." కోపం లేదు గొంతులో, దయా లేదు. "మీరు పోండి. రంగు ఆరకముందే ఈ అక్షరం ముగియాలె."

క్షమించానని అనలేదు. ఈనాటికీ అనలేదు.

నెల రోజులు అతను మా ఇంటికి రాలేదు. తమ్ముడే అక్కడికి పోయేవాడు. నాతో వాడి మాటలు టీ, అన్నం వరకే. నేను చెప్పిన నాలుగు లైన్లు వాడు అతనికి తిరిగి వినిపించాడని, అతను మూడో లైను దగ్గర "నక్కో, గీడ బలం లేదు" అని తన పాట మీద తనే కొట్లాటకు దిగాడని తర్వాత తెలిసింది. పాట బయటికి వచ్చాక ఇంట్లో అందరికంటే ముందు విన్నది అమ్మ, ఫోను చెవికి ఆనించుకుని. మా బడి పిల్లలు వారంలో నేర్చేసుకున్నారు. వెనక బెంచీ పిల్లాడొకడు నేను క్లాసులోకి వెళ్ళేసరికి బోర్డు మీద బడి అని రాసి, మధ్యలో సున్నా పెట్టి, దరువేస్తున్నాడు. అంతవరకు నేను ఎంత చెప్పినా ఆ పిల్లాడు నవ్వుతూ తెలుగు రాయగా చూడలేదు. "కూర్చో" అన్నాను. కోపమనుకుని పిల్లలు గప్‌చుప్ అయ్యారు.

ఇప్పుడు వాళ్ళు బస్టాండు వెనక ఒక షట్టర్ గది కిరాయికి తీసుకున్నారు. మోత బయటికి పోకుండా గోడలకు పాత పరుపులు కొట్టారు. అమ్మ పిలిచిందని అతను పండక్కి ఇంటికి వచ్చి తిన్నాడు. నన్ను ఆపా అనే అన్నాడు, కొంచెం మర్యాద ఎక్కువైంది. పోయిన నెల తమ్ముడు ఫోన్ చేసి, "అక్కా, ఒకపాలి వచ్చి వింటవా?" అన్నాడు. వెళ్ళాను. కొత్త పాట. మందుల కోసం దవాఖానలో లైన్లో నిలబడ్డ ఇద్దరు తల్లుల గురించి, ఒకరిది ఈ భాష, ఒకరిది ఆ భాష. విన్నంతసేపూ లోపల అదే పాత మంట.

"ఎట్లుంది?" అన్నాడు తమ్ముడు.

"మంచిగుంది. ఆఖరి రెండు లైన్లు వద్దు. ఏడిపించాలని రాసినట్టున్నయి" అన్నాను.

వాళ్ళు ముందు ఒకరినొకరు చూసుకున్నారు. ఒక్క చూపు, అంతే. అందులోనే అడగడం, ఒప్పుకోవడం, కాదనడం అన్నీ అయిపోయాయి. తర్వాత ఒక లైను తీసేశారు, ఒకటి ఉంచారు. ఉంచింది తప్పని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. ఆ మాట అన్నాను కూడా. వాళ్ళు వినలేదు. అప్పటికే మళ్ళీ మొదటి నుంచి పాడుతున్నారు, నేను లేచి షట్టర్ కింద నుంచి వంగి బయటికి వస్తున్నా చూడకుండా.